ఫ్యాక్టరీ లోపలే ఆగిపోకండి, వెనక కాలువ దాకా రండి: విదేశీ మందుల రంగంలోని తెలుగువారికి బహిరంగ లేఖ

అమెరికాలో, యూరప్‌లో మందుల కంపెనీల్లో, వాటి కొనుగోలు, ఆడిట్, అనుమతుల విభాగాల్లో ఉద్యోగాలు చేస్తున్న అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు,

నమస్కారం.

ఇది కాలుష్య నియంత్రణ మండలికి రాయాల్సిన ఉత్తరం కదా, మాకెందుకు రాస్తున్నాడు అని మీకు అనిపించొచ్చు. మండలికి రాసినవాళ్లకు కొదవలేదు. కలెక్టర్లకు, ముఖ్యమంత్రులకు, హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు, గ్రీన్ ట్రిబ్యునల్‌కు పటాన్‌చెరు చుట్టుపక్కల జనం పెట్టుకున్న అర్జీలు నలభై ఏళ్లుగా పేరుకుంటూనే ఉన్నాయి. మీకు మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. మా వాగుల్లో ఏం పారాలో తేల్చే శక్తి సగం మీ బల్లల మీద ఉంది. ఆ సంగతి మీదాకా ఎవరూ తెచ్చినట్టు కూడా లేదు.

నేనూ మీ రంగంవాణ్నే. సంగారెడ్డి జిల్లాలో బల్క్ డ్రగ్ (మాత్రల్లోకి వెళ్లే అసలు మందు పదార్థం) యూనిట్లలో క్వాలిటీ అస్యూరెన్స్ పని చేసి బయటికొచ్చినవాణ్ని. నాతో పాటు కంపెనీ బస్సెక్కి బీ షిఫ్టుకు వచ్చి, తర్వాత న్యూజెర్సీకో నార్త్ కరోలినాకో వెళ్లి స్థిరపడినవాళ్లు మీలో తప్పకుండా ఉంటారు. అందుకే కొన్ని మాటలు వివరించకుండానే వాడేస్తాను. ఎంఈఈ అంటే ఏమిటో, మదర్ లిక్కర్ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. బయటివాళ్లెవరైనా చదువుతుంటే వాళ్ల కోసం: ఎంఈఈ అంటే ఉప్పు మురుగును ఆవిరితో మరిగించి నీటిని, ఉప్పును వేరుచేసే యంత్రం, మదర్ లిక్కర్ అంటే మందు తీశాక మిగిలే ద్రవం.

ముందుగా ఒక్కటి. మందుల పరిశ్రమ మీద నాకు కోపం లేదు. మా ఇంట్లో పొయ్యి వెలిగింది దానివల్లే. మీలో చాలామంది వీసాలకు మూలం కూడా అదే. ఆఫ్రికాలో హెచ్‌ఐవీ రోగికి ఏడాదికి 10 వేల డాలర్లు దాటే మందుల ఖర్చు 2001లో 350 డాలర్లకు దిగిందంటే, ఆ ధర ప్రకటించింది మన దేశపు జెనరిక్ కంపెనీయే. దేశాల మధ్య సరిహద్దులు తెరుచుకోవడం వల్ల ప్రాణాలు నిలిచాయి. అది కాదనేవాడు మనిషి కాడు. ఆ లాభం ప్రపంచమంతా పంచుకున్నప్పుడు దాని కింద మిగిలిన మురుగు మాత్రం కాజీపల్లికి, గడ్డపోతారానికి, బొల్లారానికి ఎందుకు మిగలాలి అన్నదే నా గొడవ.

ఈ పరిశ్రమ హైదరాబాద్ చుట్టూ ఎలా మొలిచిందో మీలో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. 1961లో ఏర్పడిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్, సోవియట్ల సాయంతో బాలానగర్‌లో ఫ్యాక్టరీ కట్టింది. రియాక్టర్ ముందు నిలబడి మందు తీయడం మనవాళ్లు నేర్చుకున్న బడి అదే. 1970లో చేసిన పేటెంట్ చట్టం 1972లో అమల్లోకి వచ్చాక, మందు మీద పేటెంట్ పోయి తయారీ పద్ధతి మీద మాత్రమే మిగిలింది. కొత్త దారిలో అదే మందు తీయగలిగితే చాలు. ఐడీపీఎల్‌లో చేసి బయటికొచ్చిన డాక్టర్ అంజిరెడ్డి లాంటివాళ్లు ఆ చట్టం ఇచ్చిన వెసులుబాటుతోనే కంపెనీలు నిలబెట్టారు. 1984లో అమెరికా జెనరిక్‌ల అనుమతి సులువు చేస్తూ చట్టం తెచ్చింది. 1991లో మనం తలుపులు తెరిచాం. 2005లో డబ్ల్యూటీవో ఒప్పందం ప్రకారం మందు మీద పేటెంట్ తిరిగి వచ్చే నాటికి మనవాళ్లు అమెరికా మార్కెట్లో పాతుకుపోయారు.

ఇది మనం గర్వంగా చెప్పుకునే కథ. దీనికి రెండో సగం ఉంది, దాన్ని కంపెనీ వార్షికోత్సవ సభల్లో చెప్పరు. ఆ ఏళ్లలోనే అమెరికా, యూరప్ తమ నదులను బాగుచేసుకోవడానికి చట్టాలు బిగించాయి. అక్కడ సాల్వెంట్లు (కరిగించే రసాయనాలు), ఉప్పు నీళ్లు, ఘాటు వాసనలతో నడిచే తొలి దశల రసాయన పని ఖరీదైపోయింది. పరిశోధన, బ్రాండు, అమ్మకం అక్కడే ఉంచుకుని ఆ తొలి దశలను చైనాకు, మనకు వదిలారు. కూలి చవక ఒక కారణమే, ఒప్పుకుంటాను. మురుగు చవక అంతకన్నా పెద్ద కారణమని నా అనుభవం చెబుతుంది.

రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ వేసిన లెక్క మీరు కాలేజీలో చదివే ఉంటారు. చమురు శుద్ధిలో కిలో సరుకుకు వ్యర్థం పావు కిలో కూడా రాదు. మందుల్లో కిలో సరుకుకు 25 కిలోల నుంచి 100 కిలోల దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వ్యర్థం వస్తుంది. ఆ కిలో మందు డ్రమ్ములో సీలు వేసుకుని, సర్టిఫికెట్ పట్టుకుని, శంషాబాద్‌లో విమానమెక్కి మీ దగ్గరికి వస్తుంది. మిగతా కిలోలన్నీ మా దగ్గరే ఉంటాయి.

పటాన్‌చెరు పారిశ్రామికవాడ 1970ల్లో మొదలైంది. చుట్టూ చెరువులు, కుంటలు, వాటిని కలుపుతూ ఇసుకవాగు, అది పోయి కలిసే నక్కవాగు, అక్కడి నుంచి మంజీర. వరి, చెరకు పండే ఊళ్లు. 1980లు ముగిసేసరికి బోర్లలో రంగు నీళ్లు వచ్చాయి, వాగు పక్క పొలాలు పడావు పడ్డాయి. పటాన్‌చెరులో రోగులను చూసే డాక్టర్ అల్లాని కిషన్ రావు గారు ఊళ్లను కూడగట్టారు, ఉద్యమాన్ని ముందుండి నడిపారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. కొన్ని ఊళ్లకు తాగునీళ్లు, కొందరు రైతులకు పరిహారం కోర్టు ఆదేశాల పుణ్యమే. కేసు మాత్రం ఆ కోర్టు నుంచి ఈ కోర్టుకు తిరుగుతూ ఒక తరం దాటింది.

చిన్న కంపెనీలు సొంతంగా శుద్ధి చేసుకోలేవని ఉమ్మడి ప్లాంటు పెట్టారు. కంపెనీల నుంచి ట్యాంకర్లలో మురుగు అక్కడికి వెళ్తుంది, శుద్ధి చేసి వదులుతారు. ఈ ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లను స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. నీటిలో బ్యాక్టీరియా మొండికెత్తకుండా ఉండాలంటే ఈ మందు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు దాటకూడదని తర్వాత అదే బృందం లెక్కగట్టింది. భాగించి చూడండి, దాదాపు 5 లక్షల రెట్లు వస్తుంది. ఒక్క రోజులో ఆ గొట్టం నుంచి పోయిన సిప్రో 45 కిలోల లెక్కకు వచ్చింది. అప్పటికి 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో మింగే మందు అది.

ఆ నీళ్లు శుద్ధి చేసిన నీళ్లేనని మళ్లీ గుర్తు చేస్తున్నాను.

ఉమ్మడి ప్లాంటు పని తీరు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. అక్కడ మురుగును తినేది బ్యాక్టీరియా. అవి బతకాలని, బలపడాలని ఊరి మురుగునీరు కూడా కలుపుతారు. ఆ తొట్టిలోకే బ్యాక్టీరియాను చంపే మందు రోజూ వచ్చి పడుతుంటే ఏ బ్యాక్టీరియా మిగులుతాయి? మందుకు లొంగనివే మిగులుతాయి. 2013లో అచ్చయిన ఒక అధ్యయనంలో, అదే ప్లాంటు నుంచి వేరుచేసిన బ్యాక్టీరియా రకాల్లో 86 శాతం, 20 లేదా అంతకన్నా ఎక్కువ యాంటీబయాటిక్‌లకు లొంగలేదు. మురుగు తీవ్రత చెప్పే సీవోడీ, బీవోడీ, ఆమ్లత చెప్పే పీహెచ్ అన్నీ పరిమితుల్లో ఉండి, ఆన్‌లైన్ మీటర్ మీద పచ్చలైటు వెలుగుతూ ఉండగానే ఇది జరగొచ్చు. ఎందుకంటే ఆ మీటర్లు యాంటీబయాటిక్‌ను కొలవవు. కొలవమని ఎవరూ అడగలేదు.

తర్వాత శుద్ధి నీళ్లను పైపులైను వేసి అంబర్‌పేట మురుగుశుద్ధి కేంద్రానికి, అక్కడి నుంచి మూసీకి మళ్లించారు. మంజీర వైపు అయితే గోదావరి, మూసీ వైపు అయితే కృష్ణ. రెండు నదులకూ న్యాయం జరిగింది.

చెరువుల కథ వేరే. అక్కడికి ట్యాంకర్లు రావు, గొట్టాలు కనపడవు. పెద్ద వాన పడ్డ రాత్రే వాసన ఎక్కువగా ఉంటుందని ఈ ఊళ్లలో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. వరద నీటితో పాటు ఏది పోయినా తెల్లారేసరికి జాడ ఉండదు. 2017లో గండిగూడెం చెరువులో చేపలు కుప్పలు కుప్పలుగా చచ్చి తేలాయి. చేపపిల్లలు పోసి, ఏడాది పాటు కాపలా కాసి, వల వేసే రోజు కోసం చూసే మత్స్యకారుల బాధ దగ్గరగా చూసినవాణ్ని. చచ్చిన చేపలను ఒడ్డుకు లాగేటప్పుడు వాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. చేతులకు మాత్రం తొడుగుల్లేవు. ఆ చేతుల దురద వారాల తరబడి పోలేదని తర్వాత చెప్పారు. చేపలు పోతే పరిహారం అడగొచ్చు, ఈ దురదకు ఏ కాలమ్‌లో రాయాలో ఏ దరఖాస్తులోనూ లేదు.

మొండి బ్యాక్టీరియాకు ఒక్క ఫ్యాక్టరీలనే కారణం చేసి చెప్పడం తప్పు. మన మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా అమ్మే మాత్రలు, ఆర్‌ఎంపీ డాక్టర్ రాసే ఇంజెక్షన్, కోళ్ల ఫారాల దాణా, సరైన మురుగు కాలువలు లేకపోవడం, వీటి పాలే ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద 2019లో మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా పోయిన ప్రాణాలు 12.7 లక్షలని లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అందులో మా వాగు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. కానీ ఊరంతా విడివిడిగా వాడే మందు వేరు, ఒకే గొట్టం నుంచి కిలోలకొద్దీ పడే మందు వేరు. మొదటిదాన్ని అదుపు చేయాలంటే కోట్లమంది అలవాట్లు మారాలి. రెండోదానికి ఒక వాల్వు, ఒక బాయిలర్, ఒక కొనుగోలు ఒప్పందం చాలు. సులువైన పని ముందు చేయమని అడుగుతున్నాను.

ఇక మీ దగ్గరికి వస్తాను.

ఆడిట్ రోజు మన యూనిట్లు ఎలా ఉంటాయో మీకు తెలుసు. అటు కూర్చున్నది మీరే, ఇటు కూర్చున్నది మేమే. వారం ముందు నుంచే కారిడార్లకు ఎపాక్సీ పూత. గేటు దగ్గర పూలకుండీలు. క్లీన్‌రూమ్‌లో తల మీద వెంట్రుక కనపడకూడదు. బ్యాచ్ రికార్డులో నీలం సిరా తప్ప వేరే సిరా ఉండకూడదు, కొట్టివేత ఉంటే పక్కన సంతకం, తేదీ ఉండాలి. హెచ్‌పీఎల్‌సీ (మందు స్వచ్ఛత కొలిచే యంత్రం) ఆడిట్ ట్రెయిల్‌లో ఒక ఇంజెక్షన్ ఎందుకు మధ్యలో ఆపారని గంటన్నర అడుగుతారు. చెత్తబుట్టలో చించేసిన కాగితం దొరికితే దాన్ని టేబుల్ మీద అతికించి చదువుతారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తప్పులు రాసిచ్చే ఫారం 483 వస్తుందేమోనని ప్లాంట్ హెడ్‌కు మూడు రోజులు అన్నం సహించదు. ఇంత పట్టింపు ఉండబట్టే అక్కడ ఓహాయోలో ఒక ముసలమ్మ నమ్మకంగా మాత్ర వేసుకుంటుంది. ఈ పట్టింపును నేనెప్పుడూ తప్పుపట్టలేదు, ఆ పనిలోనే నా జీతం ఉండేది.

అంత చూసినవాళ్లు ప్రహరీ వెనక్కి వెళ్లరు. ఈటీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) అనేది ప్లాంట్ లేఅవుట్ డ్రాయింగ్‌లో ఒక గడి. కొందరు మర్యాదకు అటు నడిచి, వాసన తగలగానే వెనుదిరుగుతారు. ఎఫ్‌డీఏ అధికారం మందు నాణ్యత దగ్గరే ఆగిపోతుంది, వెనక వాగు దాని పరిధిలోకి రాదు. అది చట్టం సంగతి, మీరు మార్చలేరు. అయితే కంపెనీలు పంపే ఆడిటర్లకు, కొనుగోలుదారులు పంపే ప్రశ్నావళికి ఆ అడ్డు లేదు. అందులో ఏం అడగాలో మీరే నిర్ణయిస్తారు.

ధర సంగతీ మీ చేతిలోనిదే. అమెరికాలో రాసే ప్రతి పది మందుల చీటీల్లో తొమ్మిది జెనరిక్‌లకే. ఆ జెనరిక్‌లలో దాదాపు 90 శాతం కొనేది మూడే మూడు కొనుగోలు కూటములు. అమ్మేవాళ్లు వందల్లో, కొనేవాళ్లు ముగ్గురు. ఈ బేరంలో ఎవరి మెడ వంగుతుందో చెప్పాలా? ధర తగ్గిన ప్రతిసారీ మా ప్లాంట్లలో ముందు కోత పడేది ఎక్కడో కూడా చెబుతాను. రియాక్టర్‌కు కోత పడదు, అది సరుకు ఇస్తుంది. ల్యాబ్‌కు పడదు, మీరు వస్తారు. కోత పడేది ఆవిరికి. ఎంఈఈ నడవాలంటే బాయిలర్ నుంచి రాత్రింబవళ్లు ఆవిరి కావాలి, బొగ్గో ఊకో కాలాలి. ఉప్పు గట్టిపడి ట్యూబులు మూసుకుపోతే ఆపి కడగాలి. గట్టిపడిన ఉప్పును ప్రమాదకర వ్యర్థాలు పూడ్చే దుండిగల్ ల్యాండ్‌ఫిల్‌కు డబ్బు కట్టి పంపాలి. ఇంత ఖర్చు పెట్టినా ఒక్క గ్రాము సరుకు రాదు. ఒక గొట్టం కాస్త తిప్పితే ఆ ఖర్చంతా మిగులుతుంది. ఖర్చు పెట్టి ఎంఈఈ నడిపే నిజాయతీపరుడు, గొట్టం తిప్పేవాడి ధరకు సరిపెట్టలేక టెండర్‌లో ఓడిపోతాడు. మా దగ్గర మంచి కంపెనీలు లేవా అంటే ఉన్నాయి. వాళ్లను ఓడిస్తున్నది మీ ఎక్సెల్ షీట్‌లో కిలో ధర కాలమ్.

"ఇక్కడి ప్రభుత్వం ఉందిగా, మీ చట్టాలు మీరు చేసుకోండి" అంటారేమో. చేసుకోబోయాం. 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చే నీటిలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులు పెట్టింది. అలాంటి నిబంధన ప్రపంచంలో మరెక్కడా లేదని శాస్త్రవేత్తలు మెచ్చుకున్నారు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పరిమితులు మాయమయ్యాయి. పోటీలో వెనకబడతామని పరిశ్రమ మొరపెట్టుకుంది, ప్రభుత్వం విన్నది. చైనాతో పోటీలో ఓడిపోతామన్న భయం ఉట్టిదేమీ కాదు. పెన్సిలిన్ జి లాంటి ముడిసరుకుకే మనం చైనా వైపు చూస్తున్న రోజులవి. అందుకే ఒక దేశం ఒంటరిగా చేయలేని పనిని కొనేవాళ్లు చేయాలంటున్నాను. కొనుగోలు షరతు అందరికీ ఒకటే. హైదరాబాద్‌వాడికీ అదే, చైనాలోని జెజియాంగ్‌వాడికీ అదే.

చేస్తే జరుగుతుందని చూపినవాళ్లు ఉన్నారు. నార్వే 2019లో ఆసుపత్రుల యాంటీబయాటిక్ టెండర్లలో ధరతో పాటు పర్యావరణానికీ మార్కులు వేయడం మొదలుపెట్టింది. జర్మనీలో ఏఓకే ఆరోగ్య బీమా సంస్థ తన యాంటీబయాటిక్ టెండర్లలో వ్యర్థజలం షరతు చేర్చి, ఫ్యాక్టరీల దగ్గర నీటి నమూనాలు తీయించింది. మందుల కంపెనీల కూటమి 2022లో యాంటీబయాటిక్ తయారీ ప్రమాణం ప్రకటించింది, మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రమాణాల సంస్థ దానికి సర్టిఫికెట్ ఇవ్వడం మొదలుపెట్టింది. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థజలం మీద మార్గదర్శకాలు ఇచ్చింది. కొలమానం లేదు, పద్ధతి లేదు అనే సాకు దాంతో తీరిపోయింది.

యూరప్ గురించి ఇంకో ముచ్చట. 2025 జనవరి నుంచి అమల్లో ఉన్న పట్టణ మురుగునీటి చట్టం ప్రకారం, యూరప్ నగరాల మురుగులో మిగిలే మందుల అవశేషాలను తొలగించే ఖర్చులో కనీసం 80 శాతం మందుల, సౌందర్య సామగ్రి కంపెనీలే భరించాలి. కంపెనీలు కోర్టుకెక్కాయి, అది వేరే సంగతి. మాత్ర మింగినవాడి మూత్రంలో మిగిలిన మందుకు కంపెనీ డబ్బు కట్టాలని యూరప్ అంటోంది. ఆ మాత్ర పుట్టినచోట వాగులో పడ్డ మందుకు ఎవరు కట్టాలి? బ్రస్సెల్స్‌లో ఈ ప్రశ్న అడిగే సీట్లకు దగ్గరగా ఉన్నది మీరే, మేము కాదు.

నా అభ్యర్థన ఇది. మీరు పంపే వెండర్ ప్రశ్నావళిలో పర్యావరణం పేరుతో ఒక పేజీ ఇప్పటికే ఉంటుంది. "మీకు ఐఎస్‌వో 14001 (పర్యావరణ నిర్వహణ సర్టిఫికెట్) ఉందా? అవును/కాదు." అందరూ అవును అని టిక్కు పెట్టి పంపుతారు. ఆ పేజీ తీసేసి ఒక లెక్క అడగండి. కిలో మందుకు ఎంత నీరు, ఎంత సాల్వెంట్ పడుతుందో బ్యాచ్ రికార్డులోనే ఉంటుంది. నెలకు ఎన్ని బ్యాచ్‌లు తీశారో మీ ఆర్డర్ల వల్ల మీకే తెలుసు. రెండూ గుణిస్తే హై టీడీఎస్ (ఉప్పు ఎక్కువగా ఉన్న) మురుగు ఎన్ని కిలోలీటర్లు రావాలో తేలుతుంది. ఇప్పుడు ఎంఈఈ లాగ్‌బుక్ తెమ్మనండి. ఎంత ఎక్కించారు, ఎన్ని గంటలు నడిచింది, ఎంత ఆవిరి తాగింది, ఎంత ఉప్పు దిగింది, దుండిగల్‌కు ఎన్ని టన్నులు వెళ్లిందో ల్యాండ్‌ఫిల్ రసీదులతో సహా చూడండి. ఒకవైపు వెయ్యి వచ్చి మరోవైపు ఆరొందలే ఉంటే, మిగతా నాలుగొందలు ఎటు పోయాయని అడగండి. లాగ్‌బుక్ దిద్దొచ్చు అంటారా, దిద్దొచ్చు. బాయిలర్ బొగ్గు బిల్లు, కరెంటు బిల్లు, ఉప్పు రసీదులు మూడూ ఒకదానికొకటి సరిపోయేలా దిద్దడం మాత్రం చాలా కష్టం. డేటా ఇంటెగ్రిటీ (రికార్డుల నిజాయతీ) అని మీరు మమ్మల్ని నిలదీసేది ఈ పద్ధతిలోనే కదా, కాస్త అటు కూడా తిప్పండి.

రెండోది, గోడ బయట నమూనా. యాంటీబయాటిక్ కొంటున్నట్టయితే ఆ మందు ఎంత మిగిలిందో చెప్పే పరీక్ష ఏడాదికి కొన్నిసార్లు, ముందు చెప్పకుండా, వానాకాలంలో కూడా చేయించాలని ఒప్పందంలో రాయండి. పరీక్ష కష్టం కాదు, మీ ల్యాబుల్లో ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్‌కు అది పిల్లల ఆట. ఫలితం కంపెనీ అల్మారాలో దాచకుండా బయటపెట్టాలని కూడా రాయండి. పక్క ఊరి సర్పంచ్ చదివి అర్థం చేసుకునేలా తెలుగులో.

మూడోది మీకు నచ్చకపోవచ్చు. షరతు పెట్టి ధర మాత్రం పాతదే ఇస్తామంటే, మా వాళ్లు ఇంకో కాగితం తయారుచేసి మీకు పంపుతారు. ఎంఈఈ నడిపే ఖర్చు ధరలో కలపండి. మాత్రకు పైసల్లో ఉంటుంది. ఆ పైసలు ఇవ్వలేని బీమా కంపెనీ అమెరికాలో ఉందంటే నేను నమ్మను.

"కంపెనీలు మూతపడితే మీ వాళ్లే రోడ్డున పడతారు" అని ఒక పాత మిత్రుడు ఫోన్లో అన్నాడు. రోడ్డున పడేది ఎవరో చూశారా ఈ మధ్య? 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల్లో వాడే పదార్థం చేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా పోయారు. చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలు. చవకగా తయారుచేయాలన్న ఒత్తిడి నీటిని ఒక్కదాన్నే కొట్టదు. భూమి పోగొట్టుకున్న ఊరివాళ్లకు ఈ యూనిట్లలో దొరికేది ఎక్కువగా సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ పనులే. కెమిస్ట్ ఉద్యోగాలు మనలాంటి వాళ్లకు దొరికాయి, తర్వాత మనం గేటెడ్ కాలనీలకో న్యూజెర్సీలోని ఎడిసన్‌కో వెళ్లిపోయాం.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, ఇది ఒక్క సంగారెడ్డి జిల్లా సమస్యగా ఉండబోవడం లేదు. చైనా మీద ఆధారపడకూడదని కేంద్రం 2020లో ముడిసరుకు తయారీకి ప్రోత్సాహకాలు ప్రకటించింది. బల్క్ డ్రగ్ పార్కులు మూడు మంజూరయ్యాయి. ఒకటి హిమాచల్‌కు, ఒకటి గుజరాత్‌కు, మూడోది ఆంధ్రప్రదేశ్‌కు. అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర సముద్రం ఒడ్డున దానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. రాజయ్యపేట మత్స్యకారులు పార్కు వద్దని నిరసనకు దిగారు. వాళ్లను అభివృద్ధి నిరోధకులని తిట్టేవాళ్లకు ఒక మాట చెప్పాలి. వాళ్లకు మందుల ఫ్యాక్టరీల పరవాడ పక్కనే ఉంది, పటాన్‌చెరు కథ టీవీలో చూశారు, ఫ్యాక్టరీ మురుగు వెళ్లే చివరి చోటు సముద్రమేనని వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ పార్కులో పుట్టబోయే మందుల్లో పెద్ద వాటా కొనబోయేది మీ కంపెనీలే. పునాదులు పడేటప్పుడే షరతు పెడితే ఎంఈఈ, సాల్వెంట్ రికవరీ డ్రాయింగ్‌లోనే వచ్చేస్తాయి. కట్టాక అతికించాలంటే ఏమవుతుందో పటాన్‌చెరులో చూశాం.

మీలో తెలుగు సంఘాల్లో చురుగ్గా ఉన్నవాళ్లున్నారు. మహాసభలకు వేలమంది వస్తారు, ఫార్మా వ్యాపారవేత్తలకు ప్రత్యేకంగా వేదిక ఉంటుంది, సన్మానాలు ఉంటాయి. ఈసారి ఆ వేదిక మీద గంటసేపు కాజీపల్లి మత్స్యకార సంఘం మనిషిని, నక్కవాగు పక్క రైతును కూర్చోబెట్టండి, వీడియో కాల్‌లోనైనా సరే. శాలువా అక్కర్లేదు. ప్రశ్నలు అడగనివ్వండి.

వచ్చే ఒప్పందాల సీజన్‌లో మీ టీమ్ ప్రశ్నావళి మార్చే సమావేశం ఎప్పుడో ఒకప్పుడు పెడుతుంది. ఆ ఎంఈఈ లెక్క పట్టికను నేను ఒక పేజీలో తయారుచేసి పెట్టుకున్నాను, ఏ కాలమ్‌లో ఏ రిజిస్టర్ నుంచి ఏ అంకె తీసుకోవాలో రాసి ఉంది. మీ కంపెనీ ఫార్మాట్‌లోకి మార్చుకోవడానికి ఎవరికైనా కావాలంటే అడగండి, పంపుతాను. అందులో తప్పులుంటే దిద్దండి, ఆడిట్ చేయడం నాకన్నా మీకే బాగా వచ్చు.

ఇట్లు,
సంగారెడ్డి జిల్లా నుంచి,
బల్క్ డ్రగ్ యూనిట్లలో పనిచేసిన ఒక క్వాలిటీ అస్యూరెన్స్ ఉద్యోగి